విడపనకల్లు పరిసరముల కొండలు: వాని నీళ్లు, వాని వ్రాతలు

అనంతపురము జిల్లాకు వాయవ్యదిక్కున, బళ్లారి సీమ నానుకొని, విడపనకల్లు అను గ్రామము కలదు. ఇది నేడొక మండలమునకు ముఖ్యస్థానము. ఇచ్చటినుండి చూచువానికి మొదట కన్నులబడునది చెట్టు చేమ లరుదైన నల్లరేగడి మైదానము. పిమ్మట దాని యంచుల నక్కడక్కడ నిలిచిన బోడి రాతికొండలు. హిమాలయములకు గల మంచుగాని, సహ్యాద్రికి గల యడవిగాని, నీలగిరులకు గల చల్లదనముగాని ఈ కొండలకు లేవు. అందుచేతనే కాబోలు, దర్శనీయ స్థలములను వర్ణించువారు తిరుపతి, శ్రీశైలము, అహోబిలము, లేపాక్షి మొదలగువానిని గూర్చి విరివిగా వ్రాసి, ఈ ప్రాంతమున గుత్తి దుర్గము నొక్కదానిని పేర్కొని దాటిపోవుట వాడుకయైనది.

అయినను విడపనకల్లును నడుమ నుంచుకొని, ఒక దినములో పోయి రాదగిన దూరము మేరకు చుట్టును పరికించినచో, నవీనశిలాయుగపు మనుష్యులు రాతిపై దిద్దిన యెద్దుల బొమ్మలు, మౌర్యచక్రవర్తియగు అశోకుని ధర్మశాసనములు, జైనమతమున పరమప్రామాణికుడగు నొక యాచార్యుని పేరితో ముడివడిన గ్రామము, చాళుక్యుల కన్నడ శాసనములు, విజయనగరపు దేవాలయములు, మహారాష్ట్ర సేనాని కోట, భూగర్భమునుండి వజ్రములను పైకి తెచ్చిన శిలలు, ఇన్నియు కానవచ్చును.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటియే. ఈ కొండలను చూడవలసిన పద్ధతి వేఱు. ఎత్తును, పచ్చదనమును కోరి వచ్చినవాడు నిరాశతో మరలును. ఏ రాతిసందున నీరు నిలిచినదో, ఆ నీటిచెంత నెవరు ఏ లిపిలో ఏమి వ్రాసిరో చూచువానికి ప్రతి కొండయు నొక గ్రంథమగును. ఆ గ్రంథమును చదువుటకు వలయు సాధనము మన పాఠశాలల పండితులకు సగము చేతికి చిక్కియే యున్నది. తక్కిన సగమును వారు సంపాదింపకున్నచో, చదువబడకయే యవి నశించును.

పేరులు

మొదట గ్రామనామములను పరిశీలింతము. విడపనకల్లు, దోనేకల్లు, గుంతకల్లు, బళ్లారి దాపున సంగనకల్లు, కర్నూలు త్రోవలో ఓర్వకల్లు, ఇవి యన్నియు 'కల్లు' అను పదముతో ముగియుచున్నవి. తెలుగు బాలురు దీనికి తాటికల్లు అని యర్థము చెప్పుకొని నవ్వుకొందురు. కన్నడమున కల్లు, తమిళమున కల్ అనగా రాయి. ఇది పొరుగుభాషల సొత్తు మాత్రమే కాదు. పెండ్లిలో త్రొక్కించు సన్నికల్లునందును, వంటయింటి ఉప్పుకల్లునందును ఈ ప్రాచీన ద్రావిడపదము తెలుగునను నిలిచియున్నది. తెలుగువాడు 'రాయి' యనుటకు మఱిగి 'కల్లు'ను మఱచినను, ఊళ్ల పేరులు దానిని మఱవలేదు.

దోనేకల్లను పేరిందు మఱింత గమనింపదగినది. దొన యనగా కొండరాతిలో సహజముగా నేర్పడి వాననీటిని నిలుపుకొను పల్లము. రాయలసీమలో ఈ మాట నేటికిని వాడుకలో నున్నది. దొనయు కల్లును చేరి యొక యూరి పేరైన తీరు ఈ సీమ చరిత్రకంతటికి తాళపుచెవి వంటిది. రాయి యుండుట కాదు, రాతిలో నీరుండుట ఊరికి కారణము.

రాయి, నీరు

ఈ కొండల రాయి మిక్కిలి ప్రాచీనము. భూగర్భశాస్త్రజ్ఞులు దీని వయస్సును సుమారు 250 కోట్ల సంవత్సరములుగా లెక్కించుచున్నారు. పగటి యెండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, పగుళ్లలో దిగిన వాననీటిచే మూలలు కరగి, పెద్ద శిలలు క్రమముగా గుండ్లయి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచినవి. ఎవరో రాక్షసులు మోసికొనివచ్చి పెట్టిరని జనులు చెప్పుకొను గుండ్లన్నియు నిట్లే పుట్టిన చోటనే యున్నవి.

వర్షపాతము ఈ జిల్లాలో సాలున సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా ఇరువదిరెండంగుళములు. నైరృతి ఋతుపవనముల నీటిని పశ్చిమకనుమలు ముందుగానే గ్రహించును. ఈశాన్య ఋతుపవనములు బంగాళాఖాతమునుండి యింత లోపలికి వచ్చుసరికి బలహీనపడును. 1876–78 నాటి ధాత కఱవు ఈ సీమను నిర్మూలించినంత పని చేసినది. నల్లరేగడి తేమను పట్టుకొని జొన్నను, ప్రత్తిని పండించునేగాని త్రాగుటకు మంచినీటి నిచ్చుట తక్కువ. కొండరాయి యట్లు కాదు. తనపై బడిన వానను లోనికి పీల్చక జాఱవిడుచును. ఆ నీరు దొనలలోను, కొండపాదమున కట్టిన గుంటలలోను చేరును. కాబట్టి ఈ మైదానమున కొండయే నీటితొట్టి. మునికి గుహ కావలెనన్నను, రాజునకు కోట కావలెనన్నను, రైతునకు పశువుల మంద నిలుపవలెనన్నను కొండనే యాశ్రయింపవలసివచ్చెను. కట్టడములు, శాసనములు, బొమ్మలు కొండలమీదనే గుమిగూడుటకు కారణ మిదియే.

దక్షిణదిక్కు: ఉరవకొండ, పెన్నహోబిలము

విడపనకల్లునకు దక్షిణమున ఉరవకొండ కలదు. ఊరిపై నిలిచిన కొండ పడగవిప్పిన పామువలె కనబడుటచే దానికి ఉరగకొండ యను పేరు కలిగి, అదియే ఉరవకొండ యయ్యెనని చెప్పుదురు. పవడము, పగడము అని రెండు రూపములుగల భాషలో గకార వకారముల మాఱుపాటు వింత కాదు. ఇచ్చటి గవిమఠము వీరశైవుల ప్రసిద్ధ మఠములలో నొకటి. గవి యనగా గుహ. ఈ పదము తెలుగు కన్నడములు రెంటను కలదు. మఠము పేరే, అది కొండగుహ నాశ్రయించి పుట్టినదని తెలుపుచున్నది.

ఉరవకొండకు ఆగ్నేయముగా పెన్నానది యొడ్డున పెన్నహోబిల క్షేత్రము కలదు. నంది పర్వతప్రాంతమున పుట్టి యుత్తరముగా ప్రవహించు పెన్న ఈ ప్రాంతమును దాటి తూర్పునకు తిరుగును. రాతిని కోసికొని నది క్రిందికి దుముకు చోట, గుట్టపై లక్ష్మీనరసింహస్వామి యాలయము నిలిచియున్నది. గర్భగృహమున అయిదడుగులకు పైబడిన పాదముద్ర పూజలందుచున్నది. ఆలయము విజయనగర కాలపుది. సదాశివరాయల పేరితో ముడిపెట్టబడినది. నంద్యాల జిల్లాలోని పెద్ద యహోబిలము నల్లమల యడవి నడుమ నుండగా, ఇది పెన్న యొడ్డున నుండుటచే పెన్నహోబిలమయ్యెను. నది యెండినపుడు వచ్చినవానికి నీటి యొఱపిడిచే నునుపెక్కిన శిలలును, వానిలో సుడులు తొలచిన గుంటలును చక్కగా కనబడును. ఆలయ సమీపముననే పెన్నపై కట్టిన జలాశయమునకు తుంగభద్ర యెగువకాలువ నీరు వచ్చును. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ కాలువ వచ్చిన పిమ్మటనే ఈ సీమలో నీటికొఱకు కొండనే చూడవలసిన యవసరము కొంత తగ్గినది. ఆ యవసరముతోపాటు కొండలపై జనులకు గల శ్రద్ధయు తగ్గెనేమో యని శంకింపవలసియున్నది.

తూర్పుదిక్కు: కోనకొండ్ల, వజ్రకరూరు

విడపనకల్లునకు తూర్పున, గుంతకల్లునకు దక్షిణమున, కోనకొండ్ల గ్రామము కలదు. ఈ గ్రామ మొక్కదానికొఱకే ఈ వ్యాసము వ్రాసినను తప్పులేదు.

దిగంబర జైనులు మంగళాచరణమున మహావీరుని, గౌతమగణధరుని స్మరించిన వెంటనే కుందకుందాచార్యుని స్మరింతురు. సమయసారము, ప్రవచనసారము, పంచాస్తికాయము, నియమసారము అను ప్రాకృతగ్రంథము లాయన రచనలు. ఆయనకు పద్మనంది యను నామము కలదు. కాని లోకమున నిలిచినది కొండకుందాచార్యు డను పేరే. దక్షిణదేశమున ఊరిపేరుతో మనిషిని పిలుచుట ప్రాచీనాచారము. సంస్కృతమున కొండకుంద శబ్దము కుందకుంద యయ్యెను. ఆ కొండకుందయే నేటి కోనకొండ్ల యని శాసనపరిశోధకులు నిర్ణయించిరి. గ్రామమునందలి కన్నడ శాసనములలో ఆ తీర్థమునకు కొండకుందె యనియే పేరుండుట వారి నిర్ణయమునకు ఆధారము. అక్షరములు స్థానము మార్చుకొని కొండకుంద కోనకొండ్ల యగుట, మన భాషలో వర్ణవ్యత్యయము నెఱిగినవారికి కొత్తగాదు.

గ్రామసమీపమున గుట్టపై కాయోత్సర్గమున నిలిచిన తీర్థంకర మూర్తులు ముక్కొడలతో నున్నవి. రాతిపై వ్రాతలు కలవు. జనులీ గుట్టను రససిద్ధుల గుట్ట యందురు. నైరృతిదిక్కున రాయదుర్గము కొండమీదను జైనశిల్పములు గల గుహలు రససిద్ధుల పేరనే పిలువబడుచున్నవి. రెండు వేఱు చోట్ల జైనావశేషములకు ఒకే పేరు కలుగుట యాదృచ్ఛికముగా తోచదు. ఈ సీమలో జైనసమాజము క్షీణించిన పిమ్మట, నగ్నముగా నిలిచిన మునుల విగ్రహములు ఎవరివో జనులు మఱచిరి. పాదరసమును బంగారముగా మార్చు సిద్ధులను గూర్చిన కథలు విని యుండుటచే ఆ కథలనే వీరికి అతికించిరని యూహింపవచ్చును. ఈ యూహ సరియైనచో దాని ఫలము విచారింపదగినది. మోక్షము తప్ప మఱేదియు కోరని మునుల కొండకు బంగారపు కొండ యని పేరుపడెను. ఇట్టి పేరు గుప్తనిధుల వేటగాండ్రను పిలుచుకొనివచ్చును.

కోనకొండ్లకు ఉత్తరముగా, గుంతకల్లు దాటి పోయినచో చిప్పగిరి కలదు. అచ్చటి కొండపైనను జైన బసది కలదు. హరిదాసులలో ప్రసిద్ధుడగు విజయదాసులు 1755లో సిద్ధిపొందినదియు చిప్పగిరియందే. మహావీరుని మతమును, మధ్వమతమును ఒకే గ్రామమున నీడ పొందినవి; వాని వాఙ్మయమును ఆ గ్రామపు శాసనములును ప్రధానముగా కన్నడములో నున్నవి; నేడు గ్రామజనులు తెలుగు మాటలాడుదురు. ఈ సీమ స్వభావమును తెలిసికొనుటకు ఇంతకన్న మంచి యుదాహరణము దొరకదు.

కోనకొండ్లకు దక్షిణమున వజ్రకరూరు కలదు. ఇచ్చటి దర్శనీయము కొండ కాదు, కొండకు విపరీతము. అనగా భూమిలోతున, నూఱు మైళ్లకు తక్కువగాని యడుగునుండి ద్రవశిల పైకి దూసికొనివచ్చి గట్టిపడిన గొట్టము. దీనిని కింబర్లైటు శిల యందురు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమును బట్టి యా పేరు వచ్చినది. వజ్రకరూరు గొట్టముల వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరములు. వజ్రము ఆ శిలలో పుట్టినది కాదు. అంతకు పూర్వమే లోతున పుట్టి దానితో పైకి వచ్చినది. నీలిచాయగల యా శిల మెత్తనిది. వానకు కరగి మట్టియగును. గట్టి వజ్రము మిగులును. తొలకరి వాన వెలిసిన మఱునాడు దూరగ్రామములనుండి జనులు వచ్చి చేలలో వంగి వజ్రములు వెదకుటకు శాస్త్రసమ్మతమగు కారణ మిదియే. 1881లో ఇచ్చట 67 కారెట్లకు పైబడిన వజ్ర మొకటి దొరకెను.

గుత్తి దుర్గము

ఇంకను తూర్పునకు పోయినచో గుత్తి. సముద్రమట్టమునకు సుమారు 2,170 అడుగులును, మైదానమునకు సుమారు వేయి యడుగులును ఎత్తుగల కొండపై, శంఖమువలె తిరుగుచు పైకెక్కు ప్రాకారములతో, పదునైదు ద్వారములతో నీ దుర్గము నిర్మింపబడినది. శిఖరమునందలి శిలాశాసనములలో ప్రాచీనములు కన్నడమున నున్నవి. చాళుక్య షష్ఠ విక్రమాదిత్యుని (1076–1126) కాలమునకు చెందినవి. విజయనగరపు బుక్కరాయల నాటి శాసన మొకటి దీనిని దుర్గములకు రాజుగా కొనియాడినది. పదునెనిమిదవ శతాబ్దిలో మహారాష్ట్ర సేనాని మురారిరావు ఘోర్పడే దీనిని స్థావరముగా జేసికొనెను. కొండయంచున లోతుపైకి నిలిచి, నున్నని గచ్చుపూతగల యొక చిన్న మండపమును మురారిరావు గద్దె యని నేటికిని చూపుదురు.

ఈ కోట యెట్లు పడెనో తెలిసికొనుట మన ప్రతిపాదనకు ముఖ్యము. 1776లో హైదరాలీ ముట్టడించినపుడు ఫిరంగులచే దుర్గము లొంగలేదు. మాసములు గడచిన పిమ్మట కొండపై దొనలలో, కొలనులలో నీరు తఱిగిపోయెను. సంధిసంభాషణములు జరుగుచుండగా లోపల నీరు మూడు దినములకు మాత్రమే కలదన్న రహస్యము హైదరాలీకి తెలిసెననియు, అంతట నాతడు షరతులు బిగించెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. మురారిరావు లొంగి, కబ్బాలదుర్గమున బందీయై మరణించెను. శత్రువు గెలువలేని గోడను దప్పి గెలిచినది. గుత్తికి పోయినవారు ద్వారములను లెక్కించి మరలిపోక, రాతిలో తొలచిన నీటికుండములను, వానికి వాననీటిని చేర్చు కాలువలను వెదకి చూడవలెను. దుర్గమునకు ప్రాణ మవియే.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. అందుచే దత్తమండలము లను పేరు వచ్చినది. ఆ పేరును తొలగించి 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరును సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరగు తామస్ మన్రో, మదరాసు గవర్నరుగా పర్యటించుచు 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణింపగా, గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో ఆ శరీరావశేషములు మదరాసు కోటలోని ప్రార్థనామందిరమునకు తరలింపబడెను.

ఎఱ్ఱగుడి

గుత్తికి వాయవ్యముగా ఎనిమిది మైళ్లకు మించని దూరమున, కర్నూలు జిల్లాలో, జొన్నగిరి దాపున ఎఱ్ఱగుడి శిలలు కలవు. తెలుగున తొలి శాసనములకు ప్రసిద్ధికెక్కిన కడప సీమలోని ఎఱ్ఱగుడిపాడు వేఱు, ఇది వేఱు. పేరుల సామ్యముచే విద్యార్థులు పొరపడుట కలదు. ఎఱ్ఱగుడి కొండగుండ్లపై అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనములును, లఘుశాసనమును చెక్కబడియున్నవి. 1928–29 ప్రాంతమున వీనిని లోకమునకు తెలిపినవాడు పండితుడు కాడు, చారిత్రకుడు కాడు. రాళ్లను పరీక్షించుచు తిరిగిన భూగర్భశాస్త్రజ్ఞుడు అనూ ఘోష్.

ఇచ్చటి లఘుశాసనమున రెండు విశేషములు గలవు. మొదటిది వ్రాత. బ్రాహ్మీలిపి యెడమనుండి కుడికి వ్రాయబడును. కాని యిందు కొన్ని పంక్తులు కుడినుండి యెడమకు నడచును. దుక్కిదున్ను ఎద్దు చాలు చివర మరలినట్లు లేఖకుడు మరలెను. రెండవది విషయము. అధికారులు భేరి మ్రోగించి జనులకు ధర్మమును చాటవలెననియు, బ్రాహ్మణులు, మావటులు, కరణములు, రథశిక్షకులు తమ శిష్యులకు ప్రాచీనమర్యాద ననుసరించి బోధింపవలెననియు, శిష్యుడు ఆచార్యుని గౌరవింపవలెననియు నిందు కలదు. మన సీమలో అక్షరరూపమున మిగిలిన అతిప్రాచీన రాజాజ్ఞలలో నొకటి ఉపాధ్యాయుని గూర్చినదగుట పాఠశాల పండితులు తమ శిష్యులకు తప్పక చెప్పదగిన సంగతి.

అశోకుని దక్షిణ రాజప్రతినిధి నివసించిన సువర్ణగిరి ఈ జొన్నగిరియే యని కొందఱును, రాయచూరు సీమలోని కనకగిరి యని కొందఱును చెప్పుదురు. ఏది యెట్లున్నను, జొన్నగిరి పరిసరమున బంగారపు గనులుండుటయు, వానకాలమున వజ్రములు దొరకుటయు, శాసనములు ఇంత విరివిగా నుండుటయు కలసి యాలోచింపదగినవి.

పడమటిదిక్కు: సంగనకల్లు

ఇక విడపనకల్లునకు పడమటగా బళ్లారి. 1882లో అనంతపురము జిల్లా యేర్పడు వఱకు ఈ గ్రామములలో పెక్కు బళ్లారి జిల్లాలోనివే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు వచ్చినవి. బళ్లారి మైసూరున చేరెను. సరిహద్దు గీత జనుల నడుమ గీయబడినదేగాని కొండలకు సరిహద్దు లేదు.

బళ్లారి దాపున సంగనకల్లు, కుప్పగల్లు కొండలపై నవీనశిలాయుగపు జనులు నివసించిరి. వారి కాలము క్రీస్తునకు పూర్వము సుమారు 3000 మొదలు 1200 వఱకు. కొండ నడుమ నిలువుగా చొచ్చుకొనివచ్చిన నల్లరాతినుండి వారు గొడ్డళ్లు చేసికొనిరి. ఆ రాతిపైననే ఎద్దుల బొమ్మలను, మనుష్యుల బొమ్మలను పొడిచి దిద్దిరి. కొన్ని గుండ్లను రాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. ఆ దెబ్బల గుంటలు వానిపై నేటికిని కలవు. ఈ సీమలో అక్కడక్కడ కానవచ్చు బూదిదిబ్బలను జనులు రాక్షసులను దహించిన చోట్లని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో రాబర్టు బ్రూస్ ఫూట్ అవి పశువుల పేడ కాలి యేర్పడినవని గ్రహించెను. తరువాత మహబూబునగరము సీమలోని ఉట్నూరున ఆల్చిన్ పండితుడు త్రవ్వి ఆ యభిప్రాయమును స్థిరపఱచెను. మన జిల్లాలో కల్యాణదుర్గము ప్రాంతమున పాలవాయియందును అట్టి దిబ్బ కలదు. అక్షరము పుట్టకమున్నే ఈ కొండలు మనుష్యుని చేతివ్రాతను మోసినవి.

రెండు లిపుల నడుమ

ఇంతవఱకు చెప్పినదానిలో నొక సంగతి పలుమాఱులు వచ్చినది. కోనకొండ్ల, చిప్పగిరి, గుత్తులలోని ప్రాచీన శాసనములు పెక్కు కన్నడభాషలో నున్నవి. మదరాసు రాజధానిలోని కన్నడ శాసనములను ప్రకటించిన దక్షిణహిందూదేశ శాసనముల తొమ్మిదవ సంపుటము 1939, 1941 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడెను. అందు బళ్లారి, అనంతపురము సీమల శాసనము లనేకములు గలవు. అయినను తెలుగు పండితుడు అవి కన్నడములని విడిచిపెట్టును; కన్నడ పండితునకు ఆ గ్రామములు పొరుగు రాష్ట్రమువి. ఇరువురి నడుమ శాసనము అనాథయగుచున్నది.

ఈ స్థితికి కారణము భాషాభేదము కాదు, అలక్ష్యము. పదునొకండవ శతాబ్దిలో తెలుగు కన్నడములకు లిపి యొక్కటియే. అవి క్రమముగా విడిపోయినది పదుమూడవ శతాబ్దికి పిమ్మట. చాళుక్యశాసనములోని క, ర, శ లను గుర్తించుట కొక మాసము శ్రమించినవాడు నన్నయ కాలపు తెలుగు శాసనమును సైతము చదువగలడు. శాసనపు కూర్పును దాదాపు సర్వత్ర నొక్కటియే. మొదట మంగళవాక్యము, పిమ్మట సంస్కృతసమాసములతో రాజు బిరుదులు, శకవర్షము, సంవత్సరనామము, తిథి, వారము. ఆ మీద దానవివరము. తుదను దానము నపహరించినవారికి శాపము. సంస్కృతము తెలిసిన పండితునకు మొదటి సగమును, చివరి భాగమును పరిచితములే. నడుమనుండు కన్నడమున సైతము కన్నడపు మత్తరు మన శాసనములలోని మఱుతురునకు సోదరమే. పంచాంగగణితము తెలిసిన పండితుడు తిథివారములను సరిచూచి కాలమును నిర్ణయించుట కూడ చేయగలడు. మన పండితుల చేతిలో సగము సాధనము కలదని మొదట చెప్పుట ఇందులకే.

నష్టము, కర్తవ్యము

కొండ శాశ్వతమని మన నమ్మకము. ఇది నిజము కాదు. సంగనకల్లు పరిసరమున ఏ నల్లరాతికొఱకు శిలాయుగపు మనుష్యుడు కొండ నెక్కెనో, ఆ రాతికొఱకే నేటి క్వారీవారు మందుగుండుతో కొండను పగులగొట్టుచుండుటచే బొమ్మలకు ముప్పు వాటిల్లినదని పరిశోధకులు 2004లో హెచ్చరించిరి. గుప్తనిధులకై విగ్రహపీఠములను పెల్లగించువారు కలరు. భక్తిచే శాసనశిలకు సున్నము, రంగు పూయువారును కలరు. వీరు చెడ్డ బుద్ధి లేకయే అక్షరములను పూడ్చుచున్నారు. 1958 నాటి చట్టము జాతీయముగా ప్రకటింపబడిన కట్టడములను మాత్రమే కాపాడును. గుత్తి దుర్గ మట్టి రక్షణను పొందినది. ఊరి పొలిమేరలోని పేరులేని గుండునకు ఆ రక్షణ లేదు. ఊరివారి శ్రద్ధ యొక్కటియే దానికి రక్ష.

కాబట్టి ఈ సీమకు యాత్ర చేయువారికిని, ఇచ్చట బోధించు పండితులకును కొన్ని సూచనలు. కార్తికమునుండి మాఘము వఱకు ఎండ తక్కువ. కొండ యెక్కుటకు ననువైన కాల మిది. శాసనమును చూచుటకు ఉదయము లేక సాయంకాలము ఏటవాలుగా ఎండ పడునపుడు పోవలెను. మిట్టమధ్యాహ్నము కానరాని యక్షరము అపుడు నీడచే తేలి కనబడును. అక్షరములలో సుద్దగాని రంగుగాని నింపరాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైనచో నీటితో కడిగి, ప్రక్కనొక కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీయవలెను. ఊరిపేరు, పొలము పేరు, దిక్కు, తేదీ వ్రాసికొనవలెను. దొన యున్నచో దాని పేరును, కొండకు ఊరివారు చెప్పు పేరును, ఆ పేరునకు వారు చెప్పు కథను తప్పక వ్రాసికొనవలెను. కథ చరిత్ర కాకపోవచ్చును గాని, కొండకుందకు కోనకొండ్లవలె, చరిత్రకు దారి చూపవచ్చును. అట్టి ప్రతులను మైసూరునందలి పురావస్తుశాఖవారి శాసనవిభాగమునకు పంపినచో వారు పూర్వము ప్రకటితమైనదో కాదో పరిశీలింపగలరు.

ఒక పాఠశాలలోని పండితుడు తన గ్రామమునకు మూడు క్రోసుల మేరలోగల కొండలను మాత్రము ఇట్లు పరిశీలించి, విద్యార్థులతో నొక పట్టిక వ్రాయించినను, విడపనకల్లునుండి గుత్తి వఱకు గల సీమకు పూర్ణమగు శిలావివరణము కొలది యేండ్లలో సిద్ధమగును. ఎఱ్ఱగుడి శిలలు పశువుల కాపరులకు నిత్యము కనబడుచునే యుండినవి. అక్షరమని తెలిసినవాడు వాని దగ్గఱకు పోవుటకు రెండువేల సంవత్సరములకు పైబడి పట్టినది. తక్కిన గుండ్లకు అంత వ్యవధి లేదు.